బర్మాలో మరణించిన పెద్దతాతగారి సైనిక రికార్డులు అడిగే హక్కు నాకు లేదా?

సందేహం: మా తాతగారి అన్నగారు రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిగా వెళ్లి, 1944లో బర్మాలో చనిపోయారని ఇంట్లో చెప్పుకుంటారు. మాది నౌపడా దగ్గర ఉప్పు మడుల్లో కూలి చేసి బతికిన కుటుంబం. భూమి లేదు, కాగితాలూ లేవు. ఆయన తల్లిగారికి వచ్చిన పెన్షను మనియార్డరు కూపను ఒక్కటే మిగిలింది. సైనిక రికార్డుల కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే, అది వ్యక్తిగత సమాచారమనీ, నేను చట్టబద్ధ వారసుణ్ణి కాననీ తిరస్కరించారు. జవాబు అంది ఇరవై రోజులైంది. ఇక దారి లేదా? ఆయనకు పెళ్లయిందో లేదో కూడా తెలుసుకోవాలని ఉంది.
ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: దారి ఉంది. మీకు ఇచ్చిన తిరస్కరణకు చట్టంలో బలం లేదని నా అభిప్రాయం. మీరు ఆయన ఆస్తిలో గాని, పెన్షను బకాయిలో గాని వాటా కోరడం లేదు కనుక వారసత్వం అన్న ప్రశ్నే ఇక్కడ తలెత్తదు. సమాచార హక్కు చట్టం, 2005 ఈ హక్కును పౌరులందరికీ ఇచ్చింది. సమాచారం ఎందుకు కావాలో దరఖాస్తుదారు చెప్పనక్కరలేదని 6(2) సెక్షన్ స్పష్టంగా అంటోంది. కారణమే అడగకూడని చోట బంధుత్వానికి ధ్రువపత్రం తెమ్మనడం ఎలా చెల్లుతుంది?

వ్యక్తిగత సమాచారం అన్న అభ్యంతరం అదే చట్టంలోని 8(1)(జె) క్లాజు నుంచి వచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ క్లాజును మార్చింది గాని, 8వ సెక్షన్‌లోని 3వ ఉపసెక్షన్ జోలికి పోలేదు. దరఖాస్తు తేదీకి ఇరవై ఏళ్ల ముందు జరిగిన ఏ సంఘటనకు సంబంధించిన సమాచారమైనా అడిగిన ఎవరికైనా ఇవ్వాలని ఆ ఉపసెక్షన్ చెబుతుంది. దానికి మినహాయింపులు మూడే: దేశ భద్రత వంటి అంశాలున్న (ఎ), చట్టసభల హక్కులకు సంబంధించిన (సి), మంత్రివర్గ పత్రాలకు సంబంధించిన (ఐ). (జె) వాటిలో లేదు. మీ అప్పీలు మొత్తం ఈ ఒక్క ఉపసెక్షన్ మీద నిలబెట్టవచ్చు.

అప్పీలు గెలిచినా, ఫైలు లేదన్న జవాబు రావచ్చు. పెన్షనుతో సంబంధం తెగిన సిపాయిల సర్వీసు పత్రాలను సాధారణంగా 25 ఏళ్ల తర్వాత నిబంధనల ప్రకారం నశింపజేస్తారు. అయితే లాంగ్ రోల్ అనే పెద్ద చిట్టాను, సిపాయిల నంబర్లూ ముఖ్య వివరాలూ ఉండే రికార్డును, శాశ్వతంగా ఉంచుతారు. మీ మొదటి దరఖాస్తులో ‘సర్వీసు రికార్డులు’ అని మాత్రమే రాశారు. ఈసారి ‘లాంగ్ రోల్‌లోని నమోదు నకలు’ అని పేరుపెట్టి అడగండి. పత్రాలు నశింపజేశామంటే ఏ ఉత్తర్వు ప్రకారం, ఏ తేదీన చేశారో చూపే నకలు కూడా కోరండి. పబ్లిక్ రికార్డుల చట్టం, 1993 ప్రకారం నిర్ణీత పద్ధతిలో తప్ప ప్రభుత్వ రికార్డును నశింపజేయడానికి వీల్లేదు. ఆయన మద్రాస్ రెజిమెంటులో ఉంటే రికార్డుల కార్యాలయం నీలగిరిలోని వెల్లింగ్టన్‌లో, సైనిక ఇంజనీర్ల దళమైన మద్రాస్ శాపర్స్‌లో ఉంటే బెంగళూరులో ఉంది. దరఖాస్తు తప్పు చోటికి చేరినా, దాన్ని సరైన కార్యాలయానికి అయిదు రోజుల్లో పంపడం 6(3) కింద అధికారి బాధ్యత.

ఇక నిజమైన కష్టం దగ్గరికి వస్తాను. రికార్డులో దొరికిన మనిషి మీ పెద్దతాతగారే అని తేల్చడం ఎలా? ఆ కాలపు గుమాస్తాలు కూలి కుటుంబాల కుర్రవాళ్లకు చాలాసార్లు ఇంటిపేరు రాయలేదు. ఒక్క పేరు, తండ్రి పేరు, ఊరు, అంతే. అప్పలస్వామి అనే పేరు నాలుగు విధాల స్పెల్లింగులతో కనబడుతుంది. జిల్లా పేరు ఇంకా చిక్కు: నౌపడా ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేవరకు గంజాం జిల్లాలోనూ, ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలోనూ ఉండేది. శ్రీకాకుళం జిల్లా 1950లో గాని పుట్టలేదు. 1944 నాటి కాగితంలో శ్రీకాకుళం జిల్లా కోసం వెతికితే ఆయన ఎప్పటికీ దొరకరు. విజగపటం అన్న పాత ఇంగ్లీషు స్పెల్లింగుతో వెతకండి.

మీరు పంపిన కూపను నకలును భూతద్దంతో చూశాను. మడత పడిన చోట సిరా చెరిగిపోయి యూనిట్ పేరు పోయింది గాని, సిపాయి పేరుకు ముందున్న అంకెలు మాత్రం మిగిలాయి. అవి సర్వీసు నంబరు కావడానికే ఎక్కువ అవకాశం ఉంది, పేరు కన్నా అదే నమ్మదగిన ఆధారం. దానితో ముందుగా కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో వెతకండి. ఇంటర్నెట్‌లో ఉచితంగానే చూడవచ్చు. 1917లో ఏర్పడిన ఆ సంస్థ హోదా, జాతి, మతం చూడకుండా మృతులందరినీ సమానంగా స్మరించాలనే నియమం పెట్టుకుంది. బర్మాలో సమాధి గాని దహనస్థలం గాని తెలియని దాదాపు 27,000 మంది పేర్లు యాంగోన్ దగ్గర తౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం మీద చెక్కి ఉన్నాయి. నమోదులో తల్లిదండ్రుల పేరు, ఊరు ఉంటే మీ పని సగం పూర్తయినట్లే. ఉన్న వివరం తప్పయితే ఆధారాలతో సవరణ కోరే అవకాశం కూడా ఉంది.

బంధుత్వం ఎప్పుడైనా కోర్టులో రుజువు చేయవలసి వస్తే, కాగితాలు లేని కుటుంబమని దిగులుపడకండి. భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 26వ సెక్షన్ ప్రకారం, బంధుత్వం బాగా తెలిసి ఇప్పుడు చనిపోయిన పెద్దలు వివాదానికి ముందు చెప్పిన మాట సాక్ష్యమవుతుంది. ఆ కుటుంబంలోని వాళ్లు గాని, బాగా ఎరిగినవాళ్లు గాని తమ నడవడి ద్వారా వెల్లడించిన అభిప్రాయాన్ని 44వ సెక్షన్ స్వీకరిస్తుంది. ప్రతి సంక్రాంతికీ మీ నాయనమ్మగారు పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ఆయన పేరు చెప్పి ఒక పంచె వేరుగా పెట్టేవారని రాశారు. అది సరిగ్గా ఆ సెక్షన్ చెప్పే నడవడి. ఆ సంగతి ఎరిగిన ముసలివారు ఊళ్లో ఉంటే వారి వాంగ్మూలం ఇప్పుడే అఫిడవిట్‌గా రాయించండి. కూపను ముప్ఫై ఏళ్లు దాటినది, సహజంగా ఉండవలసిన మీ ఇంట్లోనే ఉన్నది కనుక 92వ సెక్షన్ దానికి కొంత అండ ఇస్తుంది. దాన్ని లామినేట్ చేయించవద్దు, అసలును పోస్టులో పంపవద్దు.

పెళ్లి విషయంలో తొందరపడి నిర్ణయానికి రావద్దు. పెన్షను తల్లికి వచ్చిందంటే భార్య లేదని తేలదు. ఆమె చిన్న వయసులోనే మరో ఇంటికి వెళ్లి ఉండవచ్చు. లాంగ్ రోల్ నకలుతో పాటు నామినీ వివరాలు ఉంటే ఇవ్వమని అడగండి. పేరు దొరికితే ఆమె తరఫువారిని నేరుగా వెళ్లి కలవకుండా, ముందు ఒక పెద్దమనిషి ద్వారా వారి ఇష్టం కనుక్కోండి.

మొదటి అప్పీలుకు గడువు జవాబు అందిన నాటి నుంచి ముప్ఫై రోజులు, అంటే మీకు పది రోజులే మిగిలాయి. మీకు వచ్చిన జవాబులో అప్పీలు అధికారి పేరు, చిరునామా లేకపోతే అది 7(8) సెక్షన్ ఉల్లంఘన అని అప్పీలులోనే రాయండి. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో మొదటి అప్పీలుకు రుసుము లేదు. అక్కడా కాదంటే కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయడానికి తొంభై రోజులు ఉంటాయి.