నాసిక్ వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు వారం సెలవు పెట్టి నాసిక్ వైపు క్వారీలకు జియోలైట్ స్ఫటికాల కోసం వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను, కానీ ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. మన ఇంట్లో రాళ్ల పిచ్చి మీ నాన్నతోనే ఆగిపోయిందనుకున్నాను.

బెంగళూరులో కూర్చుంటే ఇవి దొరకవు, నిజమే. మన లాల్‌బాగ్ గుట్టది 300 కోట్ల ఏళ్ల నాటి నైస్ (gneiss) అనే రాయి. జియోలైట్లు కావాలంటే దక్కన్ లావా ఉన్నచోటికి పోవాలి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట ఆ లావా చల్లారేటప్పుడు మిగిలిన బుడగల ఖాళీల్లోకి తర్వాత వేడి నీళ్లు ఊరి ఈ స్ఫటికాలు పెరిగాయి.

హెల్మెట్, బూట్లు, కళ్లద్దాలు, క్వారీవాళ్ల అనుమతి, ఇవన్నీ నీకు తెలిసినవే. కానీ కోసిన రాతి గోడ కింద మాత్రం నిలబడకు తల్లీ. పేలుడు పెట్టిన గోడ పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపలంతా బీటలే. నువ్వేమో తలెత్తి చూసే రకం కాదు, చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు కూడా గులకరాళ్లే చూసేదానివి, నీ చెయ్యి పట్టుకుని లాగలేక నా ప్రాణం పోయేది. వాన పడితే అసలు దిగకు.

ఇక లామొంటైట్ అనే జియోలైట్ సంగతి. తెల్లగా, కొనలు ఏటవాలుగా కోసినట్టుండే పుల్లల్లాంటి స్ఫటికాలు. మీ నాన్న పెళ్లికి ముందు అలాంటి ముక్క ఒకటి నల్లరాయితో సహా తెచ్చి, జయనగర్ ఇంట్లో బల్బున్న షోకేసులో పెట్టాడు. ఎండాకాలం వచ్చింది. ముందు మెరుపు తగ్గి సున్నం పూసినట్టయింది, తర్వాత సన్నని గీతలు పడ్డాయి, ఒకరోజు చూస్తే అద్దం మీదంతా తెల్లపొడి. మా అమ్మ గుడ్డతో దులపడం వల్లే విరిగిందని వాడు ఆవిణ్ణి నానా మాటలూ అన్నాడు. అమ్మ ఎదురు చెప్పలేదు, మళ్లీ ఆ షోకేసు జోలికీ వెళ్లలేదు. అసలు కారణం పొడిగాలి, బల్బు వేడి. ఆ రాయి లోపల నీళ్లుంటాయి, అవి పోతే స్ఫటికం కుంచించుకుని చిట్లిపోతుంది. మళ్లీ తడిపినా పగుళ్లు అతుక్కోవు. 1785లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతంలో హ్యుయెల్గోట్ సీసం గనుల్లో జిలె ద లోమోన్ అనే ఖనిజ శాస్త్రవేత్త దీన్ని సేకరించాడు, ఆయన పేరే దీనికి పెట్టారు. ఆ కాలంలోనే ఇది గాలికి పొడైపోతుందని గుర్తించారు. అంత పాత సంగతి తెలియకపోవడం వల్ల మా అమ్మ మాట పడాల్సి వచ్చింది. మీ నాన్న ఇప్పటికీ ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతాడు.

అందుకే దొరికిన వెంటనే గాలి చొరబడని డబ్బాలో పెట్టు, పక్కన తడిపిన దూది ఉంచు, రాయికి తగలకుండా. డబ్బా మీద రాయి పేరు, తేదీ, క్వారీ పేరు రాసిపెట్టు. స్టిల్‌బైట్, హ్యూలాండైట్ లాంటి జియోలైట్లయితే ఇంత తంటా లేదు, మెత్తని కాగితంలో చుడితే చాలు. కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం ఏదీ పెట్టకు.

డబ్బాలు ఇక్కడ నా దగ్గరున్నాయి, శనివారం వచ్చి తీసుకెళ్లు. రోజూ సాయంత్రం క్వారీ నుంచి పైకి రాగానే ఫోన్ చెయ్యి, సిగ్నల్ లేకపోతే మెసేజ్ అయినా పెట్టు. రాత్రి బస్సులో తిరిగి రావద్దు.

మీ పెదనాన్న