పాత ట్రావెల్ ట్రైలర్ కొనబోతున్న మేనల్లుడికి

చి. అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ట్రావెల్ ట్రైలర్ (ట్రక్ వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు) ఫొటోలు చూశాం. మీ అత్తయ్యకి వంటగది బాగా నచ్చింది. నాకు మాత్రం అన్ని ఫొటోల్లో రూఫ్‌ది ఒక్కటీ లేకపోవడం నచ్చలేదు. సోఫాని నాలుగు వైపుల నుంచీ తీసిన మనిషి నిచ్చెన ఎక్కి ఒక్క ఫొటో ఎందుకు తీయలేదో ముందు కనుక్కో. శనివారం చూడ్డానికి వెళ్తున్నావు కదా, ఈలోపు చదువుకుంటావని వివరంగా రాస్తున్నాను.

ట్రైలర్‌లో పాడయ్యేవి చాలా ఉంటాయి. టైర్లు, బ్యాటరీ, పంపు, ఏసీ లాంటివి పోతే కొత్తవి వేసుకోవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగొచ్చు. గోడల్లోకి దిగిన నీళ్లతో మాత్రం అలా కుదరదు. చాలా ట్రైలర్ల గోడల్లో ఉండేది సన్నటి ఫ్రేము, పల్చటి ప్లైవుడ్, మధ్యలో ఇన్సులేషన్, అంతే. పైన ఎక్కడో సీలెంట్ (అతుకుల్లో నీళ్లు దిగకుండా పూసే జిగురు) వెంట్రుకవాసి పగిలినా, వాన పడ్డప్పుడల్లా కొంచెం కొంచెంగా దిగుతుంది. లోపలివైపు మరక కనబడే నాటికి చెక్క తడిసిన బిస్కెట్‌లా అయిపోయి ఉంటుంది. విప్పి బాగుచేయించాలంటే ట్రైలర్ ఖరీదు కంటే ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. కాబట్టి అక్కడ గడిపే టైములో సగానికి పైగా నీళ్ల జాడ వెతకడానికే పెట్టు.

వెళ్లగానే ముందు వాసన చూడు. నువ్వొచ్చేదాకా తలుపులు, కిటికీలు మూసే ఉంచమని ఫోన్‌లోనే చెప్పు. బూజు వాసన వస్తే సంగతి తెలిసిపోయినట్టే. గుప్పుమని ఎయిర్ ఫ్రెషనర్ వాసన కొడితే ఇంకా జాగ్రత్తగా వెతకాలి. ముందురోజు వాన పడితే మరీ మంచిది, వాయిదా వేసుకోకు.

తర్వాత రూఫ్. నిచ్చెన తీసుకెళ్లు, వాళ్ల దగ్గర ఉంటుందని నమ్ముకోకు. పైన సాధారణంగా రబ్బరు షీటో, టీపీఓ అనే ప్లాస్టిక్ షీటో పరిచి ఉంటుంది. వెంట్లు, స్కైలైట్, యాంటెన్నా, ముందూ వెనకా అంచులు, ఇలా షీట్‌కి కన్నం పడ్డ ప్రతిచోటా ల్యాప్ సీలెంట్ అనే రూఫ్ సీలెంట్ వేసి ఉంటుంది. దాన్ని ఏడాదికి కనీసం రెండుమూడు సార్లయినా చూసుకుని, పగిలినచోట మళ్లీ వేస్తూ ఉండాలి. "సీలెంట్ చివరిసారి ఎప్పుడు వేశారు?" అని అడుగు. పట్టించుకునే ఓనర్ నెలతో సహా చెబుతాడు. "కొన్నప్పటి నుంచీ ఏ ప్రాబ్లమూ లేదండీ" అన్నాడంటే ఒక్కసారీ పైకి ఎక్కలేదని అర్థం. మామూలు సిలికాన్ పూసి ఉంటే అదీ మంచిది కాదు. అది రబ్బరు షీట్‌కి సరిగా అంటుకోదు, దాని మీద ఇంకేదీ అంటుకోదు. రూఫ్ మీద నడవకు, కొన్ని మనిషి బరువుకి ఆగవు. నిచ్చెన మీంచే అరచేత్తో నొక్కుతూ రా. మెత్తగా దిగినచోట కింద చెక్క పోయినట్టే.

బయటి గోడలు ఎండలో ఎదురుగా నిలబడి చూస్తే ఏమీ తెలియదు. గోడకి ఆనుకుని నిలబడి, టార్చ్ ఏటవాలుగా వేసి, పొడవునా చూపు సాగించు. ఫైబర్‌గ్లాస్ గోడ లోపలి ప్లైవుడ్ నుంచి విడిపోతే ఉబ్బులు, అలలు కనబడతాయి. దీన్నే డీలామినేషన్ అంటారు. ఎండకి అలా అయింది అంటాడేమో. వేడికి జిగురు వదలడం ఉన్నమాటే గానీ, కిటికీ కిందో మూల దగ్గరో ఉబ్బితే అది నీళ్ల పనే అనుకో. ముడతల అల్యూమినియం రేకు గోడలయితే ఈ ఉబ్బులు కనబడవు. అప్పుడు మూలల్లో ఉండే ట్రిమ్ చూడు. దాని మధ్యలో సన్నటి వినైల్ పట్టీ దూర్చి ఉంటుంది. ఓనర్‌ని అడిగి అది కొంచెం లాగి, కింద స్క్రూలు చూడు. తుప్పు పట్టి ఉంటే నీళ్లు అక్కడి నుంచే దిగుతున్నాయి.

లోపల పై కబోర్డులన్నీ తెరిచి, గోడ సీలింగ్‌ని కలిసే మూలల్లో బొటనవేలితో నొక్కు. మంచం ఎత్తి కింద చూడు. ముందువైపు గోడ మీద ఎక్కువ సమయం పెట్టు, హైవే మీద వాన దెబ్బంతా దానికే తగులుతుంది. ఫ్లోర్ మీద చెప్పులు విప్పి నడువు. టాయిలెట్ చుట్టూ, తలుపు దగ్గర, స్లైడౌట్ (ఆగినప్పుడు బయటికి జరిపి గది పెంచుకునే భాగం) మూలల్లో కాలి కింద కొంచెం దిగినట్టు అనిపిస్తే వదలకుండా చూడు. గుచ్చి తేమ కొలిచే ముళ్ల మాయిశ్చర్ మీటర్ ఒకటి కొనుక్కో, చవకే. ముందు లోపలి అడ్డగోడ మీద గుచ్చి ఆ అంకె గుర్తుపెట్టుకో. అది బయటి గోడ కాదు కాబట్టి మామూలుగా పొడిగానే ఉంటుంది. మిగతా చోట్ల వచ్చే అంకెల్ని దాంతో పోల్చు. ఎక్కడ గుచ్చినా ముందు ఓనర్ పర్మిషన్ అడుగు, కన్నాలు కనబడతాయి మరి.

కొత్తగా మెరిసేవాటి గురించి ఒక మాట. ఒక్క గోడకే కొత్త వాల్‌పేపర్, సీలింగ్‌లో ఒక్క ప్యానెలే మిగతావాటికంటే తెల్లగా ఉండటం, పాత ట్రైలర్‌లో నిన్న మొన్న వేసిన వినైల్ ఫ్లోర్, ఇవన్నీ నాకు పాత మరకల కంటే ఎక్కువ టెన్షన్ పెడతాయి. నాకు తెలిసిన ఒకాయన ఫ్లోర్ చూసి ముచ్చటపడి కొన్నాడు. కొన్నాక స్లైడౌట్ మూల కుంగితే విప్పి చూశారు. కొత్త వినైల్ కింద కుళ్లిన బోర్డు అలాగే వదిలేసి ఉంది. రిపేర్ చేయించామంటే తప్పేమీ లేదు, కానీ విప్పినప్పటి ఫొటోలు, బిల్లు చూపించమను.

కిందకి కూడా దూరి చూడు. అడుగున ఉండే ప్లాస్టిక్ షీట్ ఎక్కడైనా పొట్టలా వేలాడుతుంటే అందులో నీళ్లు నిలిచి ఉండొచ్చు. ఫ్రేము వెల్డింగుల దగ్గర పగుళ్లు, కొత్తగా కొట్టిన నల్ల రంగు గమనించు. టైరు ఒకవైపే అరిగితే యాక్సిల్ వంగి ఉండొచ్చు. టైరు పక్కన 'DOT' అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెలు అది తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి ఎంత లోతున్నా ఐదారేళ్లు దాటితే మార్చాల్సిందే, ఆ డబ్బు ధరలోంచి తీసెయ్.

ఫ్రిజ్ గ్యాస్ మీదా కరెంటు మీదా నడిచే రకమైతే చల్లబడ్డానికి చాలా గంటలు పడుతుంది. అందుకే ముందురోజు రాత్రే ఆన్ చేయించు. వెనక పసుపు పొడి, అమోనియా వాసన ఉంటే దాని పని అయిపోయినట్టే. నీళ్ల పంపు ఆన్ చేసి ట్యాపులన్నీ కట్టేశాక కూడా అది మళ్లీ మళ్లీ కొట్టుకుంటుంటే ఎక్కడో లీకు ఉంది. చలికాలంలో నీళ్లు తీయకుండా వదిలేస్తే అవి గడ్డకట్టి పైపులు పగులుతాయి. మిగతా స్విచ్చులన్నీ ఒకసారి వేసి చూస్తే చాలు.

కాగితాల విషయం తేలిగ్గా తీసుకోకు. టైటిల్ (యాజమాన్య పత్రం) మీది విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య), ట్రైలర్ మీదిది ఒకటేనా చూడు. 17 అక్షరాల్లో పదోది మోడల్ సంవత్సరం, 'కె' అయితే 2019. టైటిల్ మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్నది), ఫ్లడ్ (వరదలో మునిగింది) అని ఉందా, బ్యాంకు అప్పు తీరిందా చూసుకో. వరదలో మునిగినవి వేరే రాష్ట్రాలకి తేలతాయి. స్విచ్ బోర్డు మూత విప్పితే లోపల మట్టి కనబడుతుంది. దాచిన లోపం అన్నిసార్లూ నీళ్లే కానక్కర్లేదు. 2005లో కత్రినా తుపాను తర్వాత అమెరికా విపత్తు సహాయ సంస్థ ఫెమా ఇచ్చిన ట్రైలర్లలో ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు ఎక్కువగా ఉందని 2008లో అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ పరీక్షల్లో తేలింది. తర్వాత వాటిని వేలం వేసినప్పుడు నివాసానికి వాడకూడదని స్టిక్కర్లు అంటించారు. కొందరు ఆ స్టిక్కర్లు పీకేసి మళ్లీ అమ్మారు. నీ మోడల్ అంత పాతది కాదు గానీ, రేపెవరైనా చవగ్గా 2005, 2006 మోడల్ చూపిస్తే గుర్తుంచుకో.

నీకు నచ్చిందనిపిస్తే అప్పుడు ఎన్ఆర్‌వీఐఏ (ఇలాంటి ట్రైలర్లని పరీక్షించే ఇన్‌స్పెక్టర్ల సంఘం) సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని పెట్టు. ఆ ఫీజు దగ్గర పిసినారితనం వద్దు. అడ్వాన్స్ అడిగితే "ఇన్‌స్పెక్షన్ బాగుంటేనే కొంటాను, లేకపోతే వెనక్కి ఇవ్వాలి" అని కాగితం మీద రాయించుకుని ఇవ్వు. ఇన్‌స్పెక్టర్ వద్దనేవాడితో, "ఇంకో పార్టీ సాయంత్రం వస్తోంది" అని తొందరపెట్టేవాడితో వాదించకు, నమస్కారం పెట్టి వచ్చెయ్.

పిల్లల్ని మొదటిసారే తీసుకెళ్లకు. వాళ్లు బంక్ బెడ్ ఎక్కారంటే దిగరు, అది చూశాక ఓనర్ ధర ఒక్క డాలరు తగ్గించడు.

మీ ట్రక్ ఎంత లాగగలదో, ఎంత మోయగలదో డోర్ మీది స్టిక్కర్, మాన్యువల్ రెండూ చూసి రాసుకో. హిచ్ (ట్రక్‌కి ట్రైలర్ తగిలించే చోటు) మీద పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉంటుంది, దానికి మీ నలుగురి బరువూ కలుపు, ఆ మొత్తం ట్రక్ మోయగలిగేది దాటకూడదు. ఖాళీ బరువు చూసి లెక్కేయకు, నిండా సామాను వేస్తే ఎంతో అది చూడు.

విన్ నంబరు ఫోన్‌లోనే అడిగి నాకు మెసేజ్ పెట్టు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏలో రీకాల్స్ (లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచినవి) ఏమైనా ఉన్నాయేమో శుక్రవారం లోపల నేను చూసి చెబుతాను. ఓనర్ రూఫ్ ఫొటోలు పంపితే అవి కూడా పంపించు.

మీ మావయ్య