ప్రొలాక్టిన్ పెరిగితే థైరాయిడ్‌ను ఎందుకు చూడాలి?

ప్రశ్న: నా వయసు 29. పెళ్లయి మూడేళ్లయినా గర్భం రాలేదు. కొన్ని నెలలుగా నెలసరి సరిగా రావడం లేదు, రొమ్ముల నుంచి పాలలాంటి స్రావం వస్తోంది. గర్భం లేదని పరీక్షలో తేలింది. టీఎస్‌హెచ్ 48, ప్రొలాక్టిన్ 52 నానోగ్రాములు ఉన్నాయి. తలలో గడ్డ ఉందేమో, ఎంఆర్‌ఐ తీయించమని బంధువులు అంటున్నారు. ఈ రెండింటికీ సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ఉందమ్మా. ప్రొలాక్టిన్ అంటే రొమ్ముల్లో పాలు తయారయ్యేలా చేసే హార్మోన్. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్; అది ఇంతగా పెరిగిందంటే థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదని అర్థం. కాబట్టి మీ విషయంలో ముందు సరిచేయవలసింది థైరాయిడ్‌నే. థైరాయిడ్ హార్మోన్ తగ్గినప్పుడు మెదడులోని హైపోథాలమస్ ఆ కొరతను గుర్తించి టీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. దాని ప్రేరణతో మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్‌తో పాటు ప్రొలాక్టిన్‌ను కూడా అధికంగా స్రవిస్తుంది. పైగా, రక్తం నుంచి ప్రొలాక్టిన్ తొలగిపోవడమూ మందగిస్తుంది. ఇలా పెరిగిన ప్రొలాక్టిన్ అండం విడుదలకు కావలసిన సంకేతాలను అణచివేస్తుంది కనుకనే నెలసరి తప్పుతుంది, గర్భం నిలవడం కష్టమవుతుంది.

థైరాయిడ్ లోపం వల్ల పెరిగే ప్రొలాక్టిన్ సాధారణంగా 100 నానోగ్రాముల లోపే ఉంటుంది. చికిత్స లేకుండా ఎక్కువ కాలం గడిస్తే పిట్యూటరీ గ్రంథి ఉబ్బి, స్కానింగ్‌లో కణితిలా కనిపించవచ్చు. థైరాయిడ్ మాత్రలతో తగ్గిపోయే ఆ వాపును కణితిగా పొరబడి ఆపరేషన్ దాకా వెళ్లిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో నమోదయ్యాయి. అందుకే తొందరపడి ఎంఆర్‌ఐ తీయించవద్దని, ప్రొలాక్టిన్ తగ్గించే మాత్రలు ముందే మొదలుపెట్టవద్దని నా సలహా. అయితే తీవ్రమైన తలనొప్పి ఉన్నా, పక్కచూపు తగ్గినా ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో ఎండోక్రినాలజీ (హార్మోన్ల వ్యాధుల) విభాగం ఉంది.

థైరాయిడ్ హార్మోన్ లోటును భర్తీ చేసే లీవోథైరాక్సిన్ మాత్రను డాక్టరు చెప్పిన మోతాదులో, పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీ, టిఫిన్లకు అరగంట నుంచి గంట ఆగండి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల వ్యవధి ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత రెండు పరీక్షలూ మళ్లీ చేయించండి.

మరో ముఖ్యమైన సంగతి. గ్యాస్ కోసం మందుల షాపులో అడిగి తెచ్చుకునే చాలా క్యాప్సూళ్లలో పాంటోప్రజోల్‌తో పాటు డోంపెరిడోన్ కలిసి ఉంటుంది. అది కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. కాబట్టి అలాంటివి వాడుతుంటే అట్టతో సహా డాక్టరుకు చూపించండి. టీఎస్‌హెచ్ మామూలు స్థాయికి వచ్చినా ప్రొలాక్టిన్ తగ్గకపోతే, అప్పుడు ఎంఆర్‌ఐ అవసరమవుతుంది.

చికిత్సతో అండం విడుదల మళ్లీ మొదలు కావచ్చు. గర్భం వచ్చిందని తెలిసిన వెంటనే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవాలి. ఆ సమయంలో చాలామందికి మాత్ర మోతాదు పెంచవలసి వస్తుంది.