పిల్లర్ల మీద మచ్చలున్నాయని బిల్లు మొత్తం ఆపేయొచ్చా?

ప్రశ్న: సోంపేట వైపు చిన్న సివిల్ కాంట్రాక్టర్ని. సముద్రానికి కిలోమీటరున్నర దూరంలో ఉన్న ఊళ్లో గ్రంథాలయ భవనం కట్టాను. ముందు వరండాలో ఆరు పిల్లర్లకు ప్లాస్టరింగ్ చెయ్యకూడదని, సెంట్రింగ్ విప్పాక కాంక్రీటు నున్నగా అలాగే కనపడాలని అగ్రిమెంటులో ఉంది. ఇనుప షీట్లు చాలక రెండు పిల్లర్లకు ప్లైవుడ్ వాడాం. విప్పి చూస్తే ఆ రెండూ నల్లగా, మిగతా నాలుగూ తెల్లగా వచ్చాయి. అక్కడక్కడా గాలి బుడగల గుంటలున్నాయి, ఒకదాని అడుగున కంకర తేలింది. ఊళ్లో కుర్రాళ్లు వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. ఆ తర్వాత పని ఇచ్చిన ప్రభుత్వ శాఖవాళ్లు ఆరు పిల్లర్లూ కొట్టేసి మళ్లీ పొయ్యాలని, లేకపోతే ‘తగిన చర్య’ తీసుకుంటామని 15 రోజుల గడువుతో నోటీసు ఇచ్చారు. అందులో 9 రోజులు అయిపోయాయి. ఇక పనులివ్వకుండా బ్లాక్‌లిస్ట్ చేస్తారని ఆఫీసులో అంటున్నారు. 6 లక్షల 40 వేల ఫైనల్ బిల్లు ఆపేశారు. బిల్లుల్లో పట్టుకున్న డిపాజిట్ వేరే ఉంది. కాంక్రీటు బలం చూసే క్యూబ్ టెస్టులు పాసయ్యాయి. రాత్రికి రాత్రి సిమెంటు పాలు కొట్టించేస్తే గొడవ వదిలిపోతుందని మేస్త్రి అంటున్నాడు. లేదంటే నా ఖర్చుతో పెయింట్ వేసేస్తానంటే వాళ్లు ఒప్పుకోవాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. దారి చెప్పండి.

జవాబు: మేస్త్రి చెప్పిన ఆ ఒక్క పని మాత్రం చెయ్యకండి. ఆ పిల్లర్లను ఇప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి.

ఎందుకంటున్నానో చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఇలాంటిదే ఒక కేసు వాదించాను. ఆ కాంట్రాక్టరు భయపడి, ఇన్‌స్పెక్షన్‌కు ముందు రోజు గోడంతా సిమెంటు పాలతో పూయించేశాడు. కోర్టు నియమించిన అడ్వకేట్ కమిషనర్ ముందు ఇంజినీరు చిన్న సుత్తితో తట్టగానే అరచెయ్యంత చెక్కు ఊడి కింద పడింది. లోపల కాంక్రీటు గట్టిగానే ఉంది. కానీ ఆ తర్వాత గట్టిదనం గురించి మాట్లాడినవాళ్లు లేరు. ‘ఎందుకు దాచావు?’ అన్న ప్రశ్న చుట్టూనే కేసు తిరిగింది. పనిలో లోపం ఉంటే దాన్ని సరిచేయించుకునే వీలు అగ్రిమెంటులోనే ఉంటుంది. దాచిపెడితే అదే లోపం మోసం కిందకు వెళ్తుంది. కనపడే మచ్చ మీకు ఇబ్బందే, కానీ కప్పేసిన మచ్చ మీ నోరు నొక్కేస్తుంది.

ఇక అసలు విషయం. మీ కేసు ‘ఇది పై మచ్చేనా, లోపలి జబ్బా?’ అన్న ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది. ఆరు పిల్లర్లకూ కలిపి ఒకే జవాబు ఉండదు. మీరు పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. రంగు తేడా ఎందుకొచ్చిందో మీకూ తెలుసు. ప్లైవుడ్ నీటిని కొంత పీల్చుకుంటుంది కాబట్టి పైపొర ముదురు రంగులో వస్తుంది. ఇనుప షీటు పీల్చదు, అందుకే తెల్లగా వచ్చి బుడగల గుంటలు ఎక్కువ పడతాయి. అది కంటికి బాగోలేకపోవచ్చు గానీ బలానికి సంబంధించింది కాదు. మెట్ల వైపు నుంచి మూడో పిల్లరు మాత్రం వేరు. దాని అడుగున, రూపాయి బిళ్ల పెట్టి తీసిన ఫోటోలో, కంకర మధ్య నుంచి చువ్వ కనపడుతోంది. దాని కింద పసుపు చార ఉంది. చువ్వ బయటపడ్డాక దాన్ని అందానికి సంబంధించిన లోపం అనకూడదు. మీరూ అనకండి, మీ తరఫున నేనూ అనను.

మీది ఉప్పుగాలి ఊరు. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456, సముద్రపు గాలికి బయటపడి ఉండే కాంక్రీటును ‘తీవ్ర’ పరిస్థితి కింద లెక్కేసి, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే కాంక్రీటు పొర, ఉండాలంటుంది. అక్కడ 45 కాదు కదా 5 కూడా లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన ప్రాంతం మీది. రేపు గాలీవానా వస్తే ఊరు ఊరంతా పరిగెత్తేది ఆ పక్కా భవనంలోకే. కాబట్టి ఆ పిల్లరు సంగతి మీరే ముందు ఒప్పుకుని, ఇంజినీర్లు చెప్పిన పద్ధతిలో బాగుచేయిస్తానని రాసివ్వండి. దాని వల్ల మీ కేసు బలహీనపడదు. మిగతా ఐదింటి గురించి మీరు చెప్పే మాటకు విలువ వస్తుంది.

ఆ ఐదింటికి పరీక్షలు కావాలి. క్యూబ్‌లు పాసవడం మంచిదే. కానీ అవి మీరు అచ్చుల్లో పోసిన కాంక్రీటు గురించి చెప్తాయి. పిల్లరులో కాంక్రీటును కుదించే వైబ్రేటర్ సరిగా తిరిగిందో లేదో వాటికి తెలియదు. అందుకే శాఖవాళ్ల సమక్షంలో, బయటి ల్యాబ్ చేత, ఉదాహరణకు ఒక యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ సివిల్ విభాగం చేత, పిల్లరును పగలగొట్టకుండా కాంక్రీటు నాణ్యత చూసే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేయించమని అడగండి. ఖర్చు మీదేనని ముందే రాయండి. అనుమానం అప్పటికీ తీరకపోతే కోర్ తీస్తారు, అంటే పిల్లరును తొలిచి కాంక్రీటు ముక్కను బయటికి తీస్తారు. మూడుకు తక్కువ కాకుండా కోర్‌లు పరీక్షించాలి. వాటి సగటు బలం, అగ్రిమెంటులో రాసిన గ్రేడుకు ఆ వయసులో ఉండాల్సిన క్యూబ్ బలంలో 85 శాతం ఉండి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకపోతే ఆ కాంక్రీటును అంగీకరించవచ్చని ఐఎస్ 456 చెబుతోంది. ఫెయిలైతే మాత్రం నా దగ్గరకు రావద్దు, జాకీలు పెట్టే మేస్త్రిని పిలవండి. అప్పుడు శాఖ అడిగింది న్యాయమే.

పాసైతే చట్టం మీ వైపు ఎక్కడిదాకా వస్తుందో చూద్దాం.

మీరు మాట ఇచ్చింది నున్నటి పిల్లర్లకు, ఇచ్చింది మచ్చల పిల్లర్లు. అంటే చిన్నదే అయినా ఒప్పందం తప్పారు. ‘బలంగానే ఉంది కదా’ అంటే ఆ మాట పోదు. కానీ 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 73వ సెక్షన్ ప్రకారం ఇవ్వాల్సింది ఆ తప్పు వల్ల నిజంగా కలిగిన నష్టానికి పరిహారం. మచ్చలు సరిచేయడానికి ఎంతవుతుందో అంత. పైన స్లాబున్న ఆరు పిల్లర్లను తీయాలంటే స్లాబంతటికీ జాకీలు పెట్టాలి, కొట్టేటప్పుడు బీములు అదిరి కొత్త పగుళ్లు రావచ్చు. రంగు కోసం బాగున్న భవనాన్ని అలా పాడుచేయడం సమంజసమైన పరిహారం అనిపించుకోదు. ఇంగ్లండులో 1995లో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన రక్స్‌లీ కేసు ఇందుకు దగ్గరగా ఉంటుంది. ఈతకొలను 7 అడుగుల 6 అంగుళాల లోతు ఉండాల్సింది, 9 అంగుళాలు తగ్గింది. కొలను వాడకానికి బాగానే ఉంది. మళ్లీ కట్టడానికి 21,560 పౌండ్లవుతుంది. అంత ఖర్చు ఇప్పించడం సమంజసం కాదని, కోరుకున్నది దక్కని లోటుకు 2,500 పౌండ్లు చాలన్నారు. మన కోర్టులు దానికి కట్టుబడి ఉండక్కర్లేదు గానీ, వాదనలో చూపించుకోవచ్చు.

తప్పు ఎవరిదో, ఎంతో తేల్చే అధికారం కూడా ఒక్క శాఖ చేతుల్లోనే లేదు. వివాదం ఉన్నప్పుడు, ఒప్పందంలో ఒక పక్షమైన ప్రభుత్వం తనే జడ్జీగా కూర్చుని ఎదుటివాడు తప్పు చేశాడని తేల్చకూడదని సుప్రీంకోర్టు 1987లో శ్రీ రామేశ్వర రైస్ మిల్స్ కేసులో చెప్పింది. 2011లో జేజీ ఇంజినీర్స్ కేసులో ఆ మాటే మళ్లీ చెప్పింది. లోపం సరిచేయమని ఆదేశించే అధికారం ఇంజినీరుకు ఉంటుంది, దాన్ని కాదనకండి. సరిచేయడానికి అయ్యే మేరకు డబ్బు ఆపుకునే హక్కు కూడా సాధారణంగా అగ్రిమెంట్లలో ఉంటుంది. డిపాజిట్ చేతిలో ఉండగా 6 లక్షల 40 వేలూ ఆపడానికి కారణం చెప్పమనే హక్కు మీది.

ఒక విషయంలో మీరు పొరబడే అవకాశం ఉంది. ‘పోసిన రోజు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు అక్కడే ఉన్నారు, ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) కొలతలు రాసి పార్ట్ బిల్లు కూడా ఇచ్చారు, ఇప్పుడు ఎలా కాదంటారు?’ అని రాయాలనిపిస్తుంది. రాయండి, కానీ దాని మీదే ఆధారపడకండి. పార్ట్ బిల్లు ఇచ్చినంత మాత్రాన పని బాగుందని ఒప్పుకున్నట్టు కాదని చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది. దానికన్నా ఐఎస్ 456లోని 17.2 క్లాజు మీకు పనికొస్తుంది. సెంట్రింగ్ విప్పిన వెంటనే కాంక్రీటంతా చూసి, చిన్న లోపాలుంటే అది పూర్తిగా గట్టిపడేలోపే తీసెయ్యాలనో సరిచెయ్యాలనో అది చెప్తోంది. విప్పిన రోజు ఎవరెవరు వచ్చారు, ఏం చెప్పారు, సైట్ ఆర్డర్ బుక్‌లో ఏముందో ఈరోజే రాసిపెట్టుకోండి. నెల తర్వాత తేదీలు గుర్తుండవు.

బ్లాక్‌లిస్ట్ గురించి ఎక్కువ భయపడుతున్నట్టున్నారు. ఆ శిక్ష వేయాలని ఉంటే ఆ మాట షోకాజ్ నోటీసులో అర్థమయ్యేలా చెప్పి, జవాబుకు అవకాశం ఇవ్వాలని 2014లో గోర్ఖా సెక్యూరిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘తగిన చర్య’ అన్న రెండు ముక్కలు అందుకు చాలవు. తప్పుకు తగ్గట్టే కాలపరిమితి ఉండాలని, శాశ్వతంగా వెలివేయడం కుదరదని 2013లో కుల్జా ఇండస్ట్రీస్ కేసులో ఉంది. అలా కాకుండా ఉత్తర్వు ఇస్తే అమరావతిలోని హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వ చర్యను ప్రశ్నించే పిటిషన్, వేయొచ్చు. బిల్లు కోసం మాత్రం రిట్ వేయమని నేను సలహా ఇవ్వను. పని బాగుందా లేదా అన్న తగవు తేలాలంటే సాక్ష్యాలు చూడాలి, రిట్‌లో సాధారణంగా దాని జోలికి పోరు.

గడువులో 6 రోజులే మిగిలాయి కాబట్టి నోటీసుకు జవాబు రేపే రాయండి. స్పీడ్ పోస్టులో పంపి, ఒక కాపీ ఆఫీసు ఇన్‌వార్డులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. కోపం వద్దు. మూడో పిల్లరు లోపం ఒప్పుకుంటున్నానని, మిగతా ఐదింటికి ఉమ్మడి పరీక్ష కోరుతున్నానని, రిపోర్టు వచ్చేదాకా కొట్టే పని ఆపాలని రాయండి. బాగుచేసే పద్ధతి కూడా అందులోనే పెట్టండి. వదులైన కంకరను గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కడం, తుప్పు గీకడం, కడిగి తడపడం, పాలిమర్ కలిపిన మోర్టారుతో నింపడం, క్యూరింగ్. అదే సిమెంటుతో చేసిన మాటు ఆరాక చుట్టూ ఉన్నదానికన్నా నల్లగా కనపడుతుంది. అందుకే కొంత తెల్ల సిమెంటు కలిపి, భవనం వెనక గోడకు రెండు మూడు నమూనాలు వేసి, ఆరాక పగటి వెలుగులో ఇంజినీరును పిలిచి ఒకటి ఎంచుకోమనండి. ఏ నమూనాను ఒప్పుకున్నారో సంతకంతో ఉండాలి. లేకపోతే రేపు వచ్చే అధికారికి అదీ నచ్చదు.

క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు కాపీ ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ చట్టం పనిలో వాడిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా పౌరులకు ఇచ్చింది. అంటే వీడియో తీసిన కుర్రాళ్లకూ ఆ హక్కుంది. వాళ్ల మీద పరువు నష్టం కేసు ఆలోచన ఏదైనా ఉంటే మానుకోండి. అది వాళ్ల ఊరి గ్రంథాలయం. పరీక్ష రోజున వాళ్లలో ఇద్దరిని పిలిచి దగ్గర నిలబెట్టుకోండి.

ఏదీ కుదరక కోర్టుకు వెళ్లాల్సి వస్తే, ముందు అగ్రిమెంటులో వివాదాల క్లాజు చూడాలి, ఆర్బిట్రేషనా (మధ్యవర్తి తీర్పా) కోర్టా అని. కోర్టయితే ప్రభుత్వానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. నిర్మాణ ఒప్పందం, మొత్తం 3 లక్షలు దాటింది కాబట్టి ఇది కమర్షియల్ కోర్టు చట్టం కిందకు వస్తుంది. అత్యవసర ఉత్తర్వు అడగనప్పుడు దావాకు ముందు మీడియేషన్ (రాజీ చర్చ) తప్పనిసరి. మీకు నిజంగా మంచి అవకాశం అక్కడే అనుకుంటున్నాను, మచ్చల తగవులు టేబుల్ దగ్గర తేలినంత బాగా కోర్టు బోనులో తేలవు. వాళ్లు జేసీబీ, బ్రేకర్ పట్టుకుని వచ్చేస్తే మాత్రం ఆగకుండా, కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే దావా వేసి ఆపించుకోవచ్చు. అడ్వకేట్ కమిషనర్ కోసం కూడా అప్పుడే అడగాలి. చేసిన పని డబ్బుకు గడువు పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లు. మీరెన్ని ఉత్తరాలు రాసినా అది పెరగదు. బాకీ ఉన్నామని వాళ్లు గడువులోగా రాసి సంతకం చేస్తేనే కొత్త గడువు మొదలవుతుంది. ఈలోగా కొంత తగ్గించి బిల్లు ఇస్తామని ‘ఇక నాకే క్లెయిమూ లేదు’ అన్న కాగితం ముందు పెడితే, ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని మీ చేత్తో రాసి అప్పుడు సంతకం పెట్టండి.

చివరగా పెయింట్. మీ ఖర్చయినా సరే, ఒప్పుకోవాలని వాళ్లను బలవంతపెట్టలేరు. ప్లాస్టరూ పెయింటూ లేని పిల్లర్లు అడగడంలో వాళ్లకు ఒక లాభం ఉంది, ఏటా రంగుల ఖర్చుండదు. పెయింట్ వేస్తే ఆ ఖర్చు గ్రంథాలయం మీద పడుతుంది. కాబట్టి పెయింట్ ఒక్కటే ఇస్తామనకండి. పరీక్షలన్నీ పాసయ్యాక, లోపాలకు మాట్లు వేసి, ఆపైన ఉప్పుగాలిని తట్టుకునే రక్షణ పూత వేసి, లోప బాధ్యత కాలం (లోపాలను మీరు సరిచేయాల్సిన గడువు) ముగిసే ముందు మరోసారి పూస్తానని రాసివ్వండి. నేనే ఆ సీట్లో ఉంటే ఒప్పుకుంటాను. ఒప్పుకుంటే అది స్పెసిఫికేషన్ మార్పు అవుతుంది, పై అధికారి రాతపూర్వక అనుమతి రావాలి. ఆ కాగితం చేతికొచ్చేదాకా పెయింట్ డబ్బా మూత తీయకండి.