వికలాంగులు నడిపే ఆర్ట్ గ్రూపుకి మా చెల్లిని పంపొచ్చా?

ఇంట్లో జరిగిన హింస తర్వాత మీ 16 ఏళ్ల చెల్లి ఎవరితోనూ మాట్లాడటం లేదని రాశారు. వికలాంగులు నడిపే ఆర్ట్ గ్రూపుకి పంపాలనుంది గానీ, "వాళ్లకే బోలెడు కష్టాలు కదా" అని సందేహపడ్డారు. అక్కడ కాస్త నవ్వొచ్చింది. నేను చంకకర్రలతో నడుస్తాను, అలాంటి గ్రూపులోనే ఆరేళ్లుగా ఉన్నాను.

చిన్నప్పుడు సాయం పేరుతో నన్ను అడక్కుండా ఎత్తినవాళ్లు, లాగినవాళ్లు చాలామంది. వద్దంటే పొగరనేవాళ్లు. అందుకే మా దగ్గర అడగందే ఎవరినీ ముట్టుకోం, భుజం కూడా తట్టం. వైకల్యం ఉన్న పిల్లలపై హింస జరిగే అవకాశం మిగతా పిల్లలకంటే దాదాపు 3.7 రెట్లు ఎక్కువని 2012లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం చెప్పింది. మాలో కొందరికి అది అంకె కాదు, సొంత బాల్యం.

ఒకమ్మాయి మొదటిరోజు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "ఆ రంగుల డబ్బా కాస్త అందిస్తావా, నేను వంగలేను" అన్నాను. నిజంగానే వంగలేను. అందరూ "అయ్యో పాపం" అనే పిల్లని సాయం అడిగేవాళ్లు ఎక్కడుంటారు? డబ్బా ఇచ్చి, నా పక్కనే కూర్చుంది.

తర్వాత తప్పు నేనే చేశాను. తన బొమ్మ చూసి "ఈ నల్లగా ఉన్నది ఎవరు?" అని అడిగేశాను. కాగితం మడిచి సంచిలో పెట్టేసుకుంది. రెండు వారాలు రాలేదు. అదెవరో ఇప్పటికీ నాకు తెలీదు, తెలియాల్సిన పనీ లేదు.

1990లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో హింసకు గురైన ఆడవాళ్ల కోసం బొమ్మలు, మాటలు వేసిన 31 చొక్కాలు తీగ మీద ఆరేశారు, క్లోత్స్‌లైన్ ప్రాజెక్ట్ అని. మేమూ అలా చేసినప్పుడు ఆ అమ్మాయి తన చొక్కా తిరగేసి ఆరేసింది, బొమ్మ లోపలికి పోయేలా. ఎవరూ సరిచేయలేదు.

చేర్పించే ముందు వాళ్లని కొన్ని అడగండి. ఫొటోలు బయట పెడతారా? బొమ్మ వేయకుండా ఊరికే కూర్చోవచ్చా? అవసరమైతే కౌన్సెలర్ దగ్గరికి పంపుతారా? హింస చేసిన మనిషి ఇంకా ఆ ఇంట్లోనే ఉంటే మాత్రం ముందు చెల్లిని అక్కణ్నుంచి బయటికి తెచ్చే దారి చూడండి, రంగులు తర్వాత.

మొదటిరోజు మీరూ వెళ్లండి. లోపలికి రావాలో, బయట ఆగాలో తననే చెప్పనివ్వండి.