97 శాతం మెచ్చిన ఆట మన ల్యాప్‌టాప్‌లో ఆడుతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట: జనం మెచ్చిన ఆటలు ఏవి, వాటి రివ్యూలను ఎంతవరకు నమ్మాలి? ముందు ఆ ప్రశ్నలు, తర్వాత మిగతావి.

ప్రశ్న: స్టీమ్‌లో (కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ అంగడి) ఒక ఆట కింద "ఓవర్‌వెల్మింగ్లీ పాజిటివ్, 97 శాతం" అని ఉంది. ఇంకోదానికి 84 శాతమే. రెండూ కొనే డబ్బు లేదు. 97 ఉన్నదే కొనాలా?
(డిగ్రీ విద్యార్థి, కావలి)

జవాబు: ఆ 97 పరీక్ష మార్కులు కాదు. స్టీమ్ రివ్యూలో నక్షత్రాలు ఉండవు. బొటనవేలు పైకి పెట్టాలి, లేదా కిందికి పెట్టాలి, అంతే. అంటే నూరు మందిలో 97 మంది "కొనొచ్చు" అన్నారు. వాళ్లందరికీ ఆ ఆట ప్రాణమైపోయిందని అర్థం కాదు. 84 శాతం వచ్చిన ఆటను ఆ 84 మంది పిచ్చిగా ప్రేమించి, మిగతా 16 మంది మధ్యలోనే వదిలేసి ఉండొచ్చు. కష్టమైన ఆటలకు, నిదానంగా సాగే ఆటలకు ఇలాగే జరుగుతుంది. మీకు కష్టమైన ఆటలంటే ఇష్టమైతే ఆ 84 శాతం ఆటే మీది.

పేర్ల లెక్క కూడా తెలుసుకోండి. కనీసం 500 రివ్యూలు ఉండి, 95 శాతం దాటితేనే "ఓవర్‌వెల్మింగ్లీ పాజిటివ్" అంటారు. 80 నుంచి 94 వరకు "వెరీ పాజిటివ్". 70ల్లో ఉంటే "మోస్ట్లీ పాజిటివ్". 40 నుంచి 69 వరకు "మిక్స్‌డ్". శాతం పక్కనే రివ్యూల సంఖ్య ఉంటుంది, చాలామంది దాన్ని చూడరు. 60 మంది చెప్పిన 96కీ, పది లక్షల రివ్యూలు దాటినా చెక్కుచెదరని టెర్రేరియా మార్కుకీ పోలికే లేదు.

రెండు వరుసలు కనిపిస్తాయి: మొత్తం రివ్యూలు, గత 30 రోజుల రివ్యూలు. రెండూ దగ్గరగా ఉంటే నిశ్చింత. మొత్తం 90 ఉండి నెల లెక్క 50కి పడిందంటే ఈమధ్య వచ్చిన అప్‌డేట్ ఏదో పాడు చేసిందన్నమాట. తిరగబడిన లెక్కలూ ఉన్నాయి. నో మ్యాన్స్ స్కై 2016 ఆగస్టులో వచ్చినప్పుడు జనం దుమ్మెత్తిపోశారు. తయారీదారులు ఏళ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇస్తూ పోయారు, 2024 నాటికి అది "వెరీ పాజిటివ్" అయింది. సైబర్‌పంక్ 2077 కూడా 2020 డిసెంబరులో తప్పులతో వచ్చి, 2023 సెప్టెంబరులోని 2.0 అప్‌డేట్‌తో నిలబడింది. మొదటి నెల రివ్యూ చదివి ఈరోజు నిర్ణయం తీసుకుంటే నష్టపోయేది మీరే.

ఒక్కోసారి కోపం ఆట మీద ఉండదు. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 ఆడేవారు సోనీ ఖాతా తప్పనిసరి చేశారని లక్షల్లో చెడ్డ రివ్యూలు పెట్టారు, కొద్ది రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. రివ్యూల గ్రాఫులో ఒక్కసారిగా ఎర్రగీత పొడవుగా సాగితే, ఆ తేదీన ఏమైందో చదవండి.

ఒంగోలు గిత్తను కొనేవాడు మెడలో పూసలు చూసి బేరమాడడు, నోరు తెరిచి పళ్లు చూస్తాడు. రివ్యూల్లో ఆ పళ్లు ఇవి: రాసినవారు ఎన్ని గంటలు ఆడారు, ఎప్పుడు రాశారు, ఎలాంటి మెషిన్ మీద ఆడారు. ఫిల్టర్లలో "నెగెటివ్" ఎంచుకుని, ఆడిన సమయం పది గంటల పైన పెట్టండి. అలా వచ్చినవాటిలో ఐదారు చదవండి. పది గంటలు ఆడి మరీ వద్దన్నవారి మాట బలమైనది. వాళ్లు చెప్పే లోపం మీకు లోపంగా అనిపించకపోతే ధైర్యంగా కొనండి. రివ్యూ మార్కులు పోగుచేసే మెటాక్రిటిక్ సైటులో మార్కు చూసేటప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: అక్కడ ఆట కొనకపోయినా మార్కు వేయొచ్చు. స్టీమ్‌లో ఖాతాలో ఆట ఉంటేనే రివ్యూ రాయగలరు.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, గ్రాఫిక్స్ కార్డు లేదు. జనం బాగా మెచ్చిన ఆటల్లో నాకు పనికొచ్చేవి చెప్పండి. పాత ఆటలైనా ఫర్వాలేదు.
(ఒంగోలు)

జవాబు: ఎక్కువమంది మెచ్చిన ఆటల్లో చాలా వాటికి పెద్ద మెషిన్ అక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్‌కి సరిపడేవి నాలుగు చెబుతాం.

మొదటిది స్టార్‌డ్యూ వ్యాలీ. 2016 ఫిబ్రవరిలో వచ్చింది. బొమ్మలు, సంగీతం, కోడు, కథ అన్నీ ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని చేశాడు. 2 జీబీ ర్యామ్, 500 ఎంబీ జాగా ఉంటే నడుస్తుంది. తాత వదిలివెళ్లిన పొలాన్ని బాగుచేసుకునే ఆట కాబట్టి సేద్యం తెలిసిన ఇళ్లవాళ్లకు తొందరగా పట్టుబడుతుంది. కొత్తవాళ్లు చేసే తప్పు మొదటి రోజే ఒంట్లో సత్తువంతా చెట్లు కొట్టడానికి ఖర్చు చేయడం. సత్తువ 270 తో మొదలవుతుంది. ముందు చేతికిచ్చిన 15 పార్స్‌నిప్ (ఒక రకం దుంప) విత్తనాలు నాటి నీళ్లు పోయండి, మిగిలితే కట్టెలు. ప్రతి రుతువుకీ 28 రోజులు, రుతువు మారితే దాని పంట ఎండిపోతుంది. పార్స్‌నిప్‌కి 4 రోజులు కావాలి, కాబట్టి 24వ తేదీ దాటాక నాటితే విత్తనం వృథా. వసంతం 13న గుడ్ల పండగలో స్ట్రాబెర్రీ విత్తనాలు ఒక్కోటి 100కి అమ్ముతారు. 8 రోజుల్లో తొలి కాపు, ఆపైన నాలుగేసి రోజులకు ఒకటి. 16 లోపు నాటితే రెండు కాపులు దక్కుతాయి. అందుకే 13వ తేదీకి చేతిలో డబ్బు మిగుల్చుకోవాలి, ముందే అంతా ఖర్చుపెట్టి పండగకి వట్టిచేతులతో వెళ్లకండి.

రెండోది టెర్రేరియా, 2011 నాటిది. పగలు నిజసమయంలో 15 నిమిషాలు, రాత్రి 9 నిమిషాలు. మొదటి పగలు ముగిసేలోపు కట్టెలతో గది కట్టకపోతే రాత్రి జాంబీలు వదలవు. ఆ గదిలోకి ఊరివాళ్లు వచ్చి ఉండాలంటే తలుపు, బల్ల, కుర్చీ, దీపంతో పాటు వెనక గోడ కూడా ఉండాలి. "అన్నీ పెట్టినా ఎవరూ రావడం లేదు" అనేవారిలో ఎక్కువమంది మర్చిపోయేది ఆ వెనక గోడనే. మట్టిగోడ అలాగే ఉంటే లెక్కలోకి రాదు, కట్టెతో చేసినది వేయాలి. పాత్రను తయారుచేసేటప్పుడు "హార్డ్‌కోర్" నొక్కకండి. ఒక్కసారి చస్తే ఆ పాత్ర శాశ్వతంగా పోతుంది.

మూడోది పోర్టల్ 2. ఇదీ 2011దే. గోడకు రెండు తలుపులు సృష్టించి దారి కనిపెట్టే చిక్కుముడులు. 8 జీబీ జాగా చాలు. ఇద్దరు కలిసి ఆడటానికి వేరే కథ ఉంది. ఒక కంట్రోలర్ ఉంటే ఒకే తెర మీద అక్కాతమ్ముళ్లు ఆడొచ్చు. ఇంట్లో ఇద్దరికి ఇంతకన్నా మంచి ఆట మేము చెప్పలేం. ఇంగ్లీషు మాటలు ఎక్కువ, సబ్‌టైటిళ్లు పెట్టుకోండి.

నాలుగోది హాలో నైట్, 2017. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే రిజల్యూషన్ 720కి దించండి. చచ్చిన చోట మీ సొమ్మంతా మీ పాత్ర వదిలిన నీడ దగ్గర ఉండిపోతుంది. దాన్ని తెచ్చుకునేలోపు మళ్లీ చస్తే అంతా పోయినట్టే. కాబట్టి బల్ల కనబడగానే కూర్చుని సేవ్ చేసుకోవాలి. చాలా కష్టమైన ఆట, ఓపిక ఉన్నవారికే.

ఇక మీ ర్యామ్ సంగతి. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే ఎన్ని స్లాట్లు వాడుతున్నారో చూపిస్తుంది. రెండింట్లో ఒకటే అని ఉంటే మీ గ్రాఫిక్స్ సగం చేత్తో పనిచేస్తోందని అర్థం. విడి కార్డు లేనప్పుడు గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌నే వాడుకుంటాయి. ఒక ర్యామ్ కర్రకు ఒకే దారి, రెండు కర్రలకు రెండు దారులు. అదే రకం, అదే వేగం ఉన్న ఇంకో 8 జీబీ ల్యాప్‌టాప్ ర్యామ్ వేయిస్తే ఆట వేగంలో తేడా కంటికి కనిపిస్తుంది. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, వెళ్లేముందు మోడల్ నంబరుతో అడగండి.

ప్రశ్న: ఆట కొన్నాక నా కంప్యూటర్‌లో తెరుచుకోవడమే లేదు. డబ్బు వెనక్కి వస్తుందా?
(కందుకూరు)

జవాబు: వస్తుంది, గడువు దాటనీయకండి. కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటల లోపు ఉండాలి. స్టీమ్ సపోర్ట్‌లో కొనుగోళ్లలోకి వెళ్లి, ఆట ఎంచుకుని, సాంకేతిక సమస్య అని రాసి రీఫండ్ అడగండి. ఎక్కువమంది దెబ్బతినేది 2 గంటల దగ్గరే. కొన్ని ఆటలు ముందు తమ లాంచర్ తెరిచి అప్‌డేట్ దింపుకుంటాయి, ఆ సమయం కూడా ఆడినట్టే లెక్క. ఆట తెరిచి ఉంచి భోజనానికి వెళ్లినా అంతే. మొదటి అరగంటలోనే గ్రాఫిక్స్ తగ్గించి చూడండి, నడవకపోతే మూసేసి అడగండి.

ప్రశ్న: మే నెలలో ఆట ఇరవై నిమిషాలు చక్కగా నడిచి తర్వాత ముక్కలు ముక్కలుగా ఆగుతోంది. శీతాకాలంలో ఈ ఇబ్బంది లేదు. ఈ ఆటకు మంచి రివ్యూలే ఉన్నాయి.
(ఆత్మకూరు)

జవాబు: రివ్యూ రాసినవారి గదిలో మన ఎండ లేదు కదా. మొదటి నిమిషం నుంచే ఆగుతుంటే మెషిన్ సత్తా చాలదన్నమాట. ఇరవై నిమిషాల తర్వాత మొదలైతే అది వేడి. ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గరకు రాగానే తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది.

ముందు ఖర్చులేని పనులు చేయండి. ఆట సెట్టింగుల్లో ఎఫ్‌పీఎస్‌ను (సెకనుకు తెర మీద మారే బొమ్మల సంఖ్య) 60కి, చాలకపోతే 30కి కట్టేయండి. మంచం మీద, దుప్పటి మీద పెట్టి ఆడకండి, అడుగున గాలి పీల్చే రంధ్రాలు మూసుకుపోతాయి. వెనక వైపు రెండు అంగుళాలు ఎత్తు పెట్టండి. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99కి దించితే టర్బో (ప్రాసెసర్ తీసుకునే అదనపు వేగం) ఆగిపోతుంది. వేగం కొంత తగ్గినా వేడి బాగా దిగుతుంది, ఆట నిలకడగా నడుస్తుంది. అయినా తగ్గకపోతే ఫ్యాన్ దుమ్ము తీయించండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టి ఉంచమని చెప్పండి, గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. కొని మూడు నాలుగేళ్లయితే ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్టు కూడా మార్పించండి.

ప్రశ్న: స్టార్‌డ్యూ వ్యాలీలో నిద్రపోయే సమయానికి కరెంటు పోయింది. ఇప్పుడు మా పొలం తెరుచుకోవడం లేదు. రెండేళ్ల ఆట పోయినట్టేనా?
(నెల్లూరు)

జవాబు: చాలావరకు పోయినట్టు కాదు. ఆ ఆట రోజు చివర పడుకున్నప్పుడే సేవ్ చేస్తుంది. రాస్తుండగా కరెంటు పోయి ఫైలు సగంలో ఆగిపోయింది. కానీ ముందురోజు ఫైలును పేరు చివర "ఓల్డ్" చేర్చి పక్కన దాస్తుంది.

విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కండి. వచ్చిన పెట్టెలో రెండు శాతం గుర్తుల మధ్య యాప్‌డేటా అని ఇంగ్లీషులో కొట్టండి. అందులో స్టార్‌డ్యూ ఫోల్డరు, దానిలో సేవ్స్, దానిలో మీ పేరు, ఒక అంకెతో ఫోల్డరు ఉంటుంది. ముట్టుకునే ముందు ఆ ఫోల్డరు మొత్తాన్ని డెస్క్‌టాప్ మీదికి కాపీ చేయండి. లోపల మీ పేరుతో ఒక జత, సేవ్‌గేమ్ఇన్ఫో పేరుతో ఒక జత ఉంటాయి. ఓల్డ్ లేని రెండింటినీ తీసేయండి, ఓల్డ్ ఉన్న రెండింటి పేర్ల నుంచి ఆ మాటను, దాని ముందున్న కింది గీతను తుడిచేయండి. రెండు జతలూ మార్చాలి, ఒకటే మారిస్తే తెరుచుకోదు. స్టీమ్ ఏ కాపీ ఉంచాలని అడిగితే ఈ కంప్యూటర్‌లోదే అనండి. పోయేది ఆటలో ఒక్క రోజు.

ఇకపై డెస్క్‌టాప్‌కి 600 వీఏ యూపీఎస్ పెట్టుకుంటే సేవ్ చేసి ఆపేంత సమయం దొరుకుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక స్విచ్ "యూపీఎస్" వైపు ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే లిప్తకాలంలోనే కంప్యూటర్ ఆగిపోతుంది.

ప్రశ్న: మాది 40 ఎంబీపీఎస్ ఫైబర్. 60 జీబీ ఆట దిగడానికి పూటంతా పడుతోంది. తమ్ముడు కూడా అదే ఆట అడుగుతున్నాడు, రెండోసారి కొనాలా?
(కోవూరు)

జవాబు: ఎంబీపీఎస్ అంటే బిట్లు. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 5 ఎంబీ. 60 జీబీకి 12,000 సెకన్లు, అంటే 3 గంటల 20 నిమిషాలు, అదీ ఇంట్లో ఇంకెవరూ వీడియోలు చూడకపోతే. రెండో కంప్యూటర్‌కి మళ్లీ దింపకండి. రెండింట్లోనూ స్టీమ్ తెరిచి, ఒకే వైఫైలో ఉంచి, డౌన్‌లోడ్ సెట్టింగుల్లో లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ ఆన్ చేయండి. ఖాతాలు వేరు కాబట్టి అనుమతిని "ఫ్రెండ్స్"కి మార్చాలి. కేబుల్ వేస్తే ఇంకా వేగం.

కొనక్కర్లేదు. స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఒకే ఇంటివారు ఆరుగురి దాకా చేరొచ్చు. ఒక కాపీని ఒకేసారి ఇద్దరు ఆడలేరు, వేర్వేరు ఆటలైతే ఆడొచ్చు. మీ కాపీ మీద తమ్ముడు మోసపు సాఫ్ట్‌వేర్ వాడి పట్టుబడితే ఆ ఆటలో నిషేధం మీకూ పడుతుంది. ఈ సంగతి ముందే వాడికి గట్టిగా చెప్పండి.

ప్రశ్న: మావాడు ఎనిమిదో తరగతి. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా, ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట) అందరూ ఆడుతున్నారని, మంచి రేటింగ్ ఉందని అంటాడు. ఫోన్ ఇవ్వచ్చా?
(ఒక తల్లి, సింగరాయకొండ)

జవాబు: అమ్మా, రేటింగ్ ఆట ఎంత బాగుందో చెబుతుంది, పిల్లవాడికి ఎంత మంచిదో చెప్పదు. ఆ ఆట 2023 మేలో తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్ల లోపువారికి రోజుకు 3 గంటల పరిమితి పెట్టారు. అదీ వయసు నిజం చెప్పి, పెద్దల ఫోన్‌కి వచ్చే ఓటీపీ కొడితేనే. పెద్దవాడినని నొక్కితే 6 గంటలు ఆడనిచ్చేవారు. కాబట్టి మొదటిసారి తెరిచేటప్పుడు పక్కన మీరే ఉండండి. ప్లేస్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి, ఆ పాస్‌వర్డ్ వాడికి చెప్పకండి. వేషాలకు, తుపాకీ రంగులకు డబ్బు పోయేది ఇక్కడే.

మా సలహా వేరు. స్టార్‌డ్యూ వ్యాలీ, టెర్రేరియా రెండూ ఫోన్‌లోనూ ఉన్నాయి. ఒక్కసారి కొంటే చాలు, ప్రకటనలు లేవు, నెట్ లేకుండా ఆడొచ్చు, ఎక్కడైనా ఆపి అన్నానికి రావచ్చు. బీజీఎంఐ మ్యాచ్ మధ్యలో పిలిస్తే జట్టును వదిలి రావాలి కాబట్టి గొడవ మొదలవుతుంది. పిలిచే ముందు "ఈ మ్యాచ్ అయ్యాక" అని గడువు పెట్టి చూడండి, ఒక మ్యాచ్ అరగంటలోపు అయిపోతుంది. ఆడితే డబ్బులొస్తాయనే యాప్‌లు మాత్రం ఎన్ని నక్షత్రాలున్నా ఫోన్‌లో ఉండనివ్వకండి. పందెం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చట్టం నిషేధించింది.