అట్టడుగు నుంచి 20 శాతం లేస్తే బుల్ మార్కెట్ వచ్చినట్టేనా?

షేర్ మార్కెట్ సూచీ అట్టడుగు నుంచి 20 శాతం పెరిగింది కదా, బేర్ మార్కెట్ (షేర్లు బాగా పడిపోయే కాలం) అయిపోయి బుల్ మార్కెట్ (పెరిగే కాలం) వచ్చినట్టేనా, దాచుకున్న డబ్బంతా ఇప్పుడు పెట్టేయొచ్చా అని అడిగారు. దయచేసి ఒకేసారి పెట్టకండి. ఇదే లెక్క నమ్మి నేను గట్టి దెబ్బ తిన్నాను.

2008 నవంబర్ 20న అమెరికాలో దాదాపు 500 పెద్ద కంపెనీల షేర్లను కొలిచే ఎస్ అండ్ పీ 500 సూచీ 752 దగ్గర ముగిసింది. 2009 జనవరి 6కల్లా 934 దాటింది. ఏడు వారాల్లో 24 శాతం! ఆ రాత్రి నోట్‌బుక్‌లో "20 దాటింది, బేర్ అయిపోయింది" అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. మర్నాడే ఉన్న డబ్బంతా ఆ సూచీ ఫండ్‌లో పెట్టాను. తర్వాత రెండు నెలలూ పడుతూనే ఉంది. మార్చి మొదటి వారంలో ఇక తట్టుకోలేక అమ్మేశాను. మార్చి 9న 676 దగ్గర ఆగింది. అసలు అడుగు అదీ. అక్కడి నుంచి ఆ ఏడాది చివరికి 60 శాతానికి పైగా పెరిగింది, నేను మాత్రం బయటే ఉన్నాను.

20 శాతం అనేది అందరూ వాడుకలో పెట్టుకున్న కొలత, అంతే. శిఖరం నుంచి అంత పడితే బేర్, అడుగు నుంచి అంత లేస్తే బుల్ అంటారు. పది శాతం పడితే కరెక్షన్. జరిగిపోయినదానికి పేరు పెట్టడానికి ఇది పనికొస్తుంది. రేపటి సంగతి చెప్పదు. పైగా పెద్ద బేర్ మార్కెట్ల మధ్యలో ఇలాంటి ర్యాలీలు మామూలే. అవి చాలా వేగంగా వస్తాయి కాబట్టే మనం నమ్మేస్తాం.

ఇప్పుడు నేను ముందుగా చూసేది వార్తకి మార్కెట్ ఎలా స్పందిస్తోందని. బేర్‌లో మంచి వార్త వచ్చినా పొద్దున పెరిగింది సాయంత్రానికి నిలవదు. పెరిగిన ప్రతిసారీ అమ్మేవాళ్లు కాచుకుని ఉంటారు. బేర్ ముగిసే దశలో ఇది తలకిందులవుతుంది: చెడ్డ వార్త వస్తుంది, ధర మాత్రం కిందికి పోదు. 2009లో అదే జరిగింది. అమెరికాలో నిరుద్యోగం అక్టోబర్‌లో 10 శాతానికి చేరింది, మార్కెట్ మాత్రం అప్పటికి ఏడు నెలలుగా పెరుగుతోంది. 2020 మార్చి 23న అడుగు పడినప్పుడు కూడా కరోనా ఇంకా పెరుగుతూనే ఉంది. ఆర్థిక పరిస్థితి బాగుపడ్డాక కొందాం అనుకునేవాళ్లు ఆలస్యమైపోవడానికి కారణం ఇదే.

రెండోది, 200 రోజుల సగటు గీత, అంటే గత 200 ట్రేడింగ్ రోజుల ముగింపు విలువల సగటును చార్ట్‌లో చూపే గీత. సూచీ దాని పైకి వెళ్లిందా అన్నదొక్కటే చాలదు, ఆ గీత కిందికి వాలడం ఆపిందా అని కూడా చూస్తాను. పెరుగుదల నాలుగైదు పెద్ద షేర్లదేనా, అన్ని రంగాల్లోనూ ఉందా అని కూడా. ఇవీ తప్పొచ్చు. అందుకే నా నిర్ణయం మొత్తం వీటి మీద ఆనించను.

నష్టం లెక్క ఒకటి గుర్తుంచుకోండి. 20 శాతం పడితే కోలుకోవడానికి 25 చాలు, 50 పడితే 100 కావాలి. రెండు మూడేళ్లలో అవసరమయ్యే డబ్బయితే, బుల్ అయినా బేర్ అయినా షేర్లలో పెట్టకండి.

2022లో మళ్లీ అదే పరీక్ష ఎదురైంది. జూన్ కనిష్ఠం నుంచి ఆగస్టు మధ్యకి ఎస్ అండ్ పీ 17 శాతం లేచింది. అందరూ రివర్సల్, అంటే మార్కెట్ దిశ మారింది అన్నారు. నాకూ చెయ్యి లాగింది. చార్ట్ తెరిస్తే, సూచీ సరిగ్గా 200 రోజుల గీత దగ్గర ఆగింది, ఆ గీత ఇంకా కిందికే చూస్తోంది. పెద్ద మొత్తం పెట్టలేదు, నెలనెలా ఫండ్‌లో కట్టేది మాత్రం ఆపలేదు. అక్టోబర్ 12న సూచీ జూన్ కన్నా కిందికి దిగింది. ఆ నెల కట్టిన వాయిదాకి ఆ ఏడాది మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ యూనిట్లు వచ్చాయి.